గాట్లు పూడ్చిన లేత్

పాత మిషను ఒకటి నా షెడ్డు ముందు లారీ దిగితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, నాకు నేనే పెట్టుకున్నాను. పోత ఇనుము మీద స్పానర్‌తో ఒకసారి కొట్టి, ఆ మోత విని, కాళ్ల వంపు చూసి, ఇది బటాలాలో పోసిందో, రాజ్‌కోట్‌లో పోసిందో, కోయంబత్తూరు నుంచి వచ్చిందో చెప్పేవాణ్ని. కంపెనీ పేరు రంగుల కింద మునిగిపోయి ఉన్నా సరే. మా వైపు వర్క్‌షాపుల్లో ఆయుధ పూజకు మిషనుకు రంగు పూయడం అలవాటు. ఆకుపచ్చ మీద బూడిద, బూడిద మీద నీలం, నీలం మీద వెండి రంగు. ఆ పొరలు గీకుతూ పోతే అది ఎన్ని చేతులు మారిందో కూడా తెలిసిపోతుంది.

అంతటితో ఆగినా బాగుండేది. మిషన్ను చూసి యజమాని ఏ మతం వాడో కూడా చెప్పేవాణ్ని. మోటారు మీద పసుపు కుంకుమ పెచ్చు కట్టి, నిమ్మకాయ పులుపుకు ఇనుము మీద మచ్చ పడి ఉంటే హిందువులది. పచ్చరంగుతో 786 రాసి, పైన సాంబ్రాణి మసి పట్టి ఉంటే సాయిబులది. మైనం చుక్కలుంటే క్రైస్తవులది, ఎందుకంటే క్రిస్మస్ ముందు ప్రార్థన పెట్టుకున్నప్పుడు మిషను మీదే కొవ్వొత్తి నిలబెడతారు. ఇవన్నీ నేను కళ్లారా చూసినవే. కొనడానికి వచ్చినవాళ్ల ముందు ఈ విద్య ప్రదర్శిస్తే వాళ్లు నోరు తెరిచి చూసేవాళ్లు. ఒక్కసారి కూడా తప్పలేదు, అదే కొంప ముంచింది. మునిగింది నా కొంపే అయితే ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మాది శనక్కాయలు పండించుకున్న ఇల్లు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక నేను పాత ఇనుములోకి దిగాను. కడప పొలిమేరలో ఒక రేకుల షెడ్డు వేసుకున్నాను. మూతపడిన రాతి పాలిష్ యూనిట్ల నుంచీ, చాలించుకున్న వర్క్‌షాపుల నుంచీ లేత్‌లు, డ్రిల్లింగ్ మిషన్లు, బెంచ్ వైసులు తెచ్చి, తుప్పు గీకి, అరిగిన బుష్షులు మార్చి, రంగు కొట్టి మళ్లీ పనిలోకి పంపేవాణ్ని. మా నాయనకు నేనేం చేస్తున్నానో నలుగురికీ చెప్పుకోవడం నామోషీ. "మావాడు మిషన్లు బాగుచేస్తాడు" అనేవాడు కానీ "పాత ఇనుము" అన్న మాట నోట రానిచ్చేవాడు కాదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. నా పనిని ఎవరైనా ఒక మాట అంటే ఎదుటివాడు చిన్నా పెద్దా అని చూసేవాణ్ని కాదు.

ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. అక్కడ లారీల స్పేర్ పార్టుల దుకాణం ఉంది ఆయనకు. వాళ్ల నాయన ఎర్రగుంట్లలో రైలు గేటు దగ్గర లేత్ మీద ఇనుమును తిప్పి చెక్కే పని చేస్తాడు. ఆ పెద్దాయన గురించి నేను విన్నాను. సిమెంటు లారీల డ్రైవర్లు ఆయన చేసిన బుష్ వేయించుకుంటే ఆ బండిని మళ్లీ ఆ పనికి తిప్పనక్కర్లేదని చెప్పుకునేవాళ్లు. ఆయన్ను కడపలో ఆసుపత్రిలో చేర్చారట, పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. తల్లి కూడా అక్కడే ఉంది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు కడపలోనే బంధువుల ఇంట్లో ఉంటారు.

"అన్నా, ఆ మిషను చూస్తే కడుపు తరుక్కుపోతాది," అన్నాడు కొడుకు. "నల్లగా, జిడ్డు పట్టి, గాట్లు పడి. నన్ను సదివించింది ఆ మిషనే. నాయన ఇంటికి వచ్చేలోపల దాన్ని కొత్తదాని మాదిరి చేసి పెట్టల్ల. ఆయప్పకు చెప్పొద్దు. చూసి సంతోషపడల్ల."

అలాంటి కొడుకులు తక్కువ. నాకు ముచ్చటేసింది. చైన్ కప్పీతో ఎత్తించి, ట్రాక్టర్ మీద మా షెడ్డుకు తెప్పించుకున్నాను.

మిషను బటాలాది. ఒక దెబ్బకే చెప్పేశాను. మొదట పొడవాటి బెల్టుతో నడిచింది, తర్వాత ఎవరో దానికి మోటారు కట్టారు. మంచి పోత, ఎక్కడా పగులు లేదు. కానీ దాని ఒంటి మీద గాట్లు చూస్తే నాకు ఒళ్లు మండింది. హ్యాండిల్ చక్రాల అంచుల మీద, కొలత అంకెలున్న డయల్ చుట్టూ, గేరు లివర్ల పక్కన, కిందనుండే పొడవాటి బెడ్ దిమ్మె పక్క అంచు పొడవునా ఆకురాయితో రుద్దిన గాట్లు. ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు, మరోచోట మూడు. కొత్త ఆకురాయి కొంటే దాని పదును చూడటానికి చేతికి అందిన ఇనుమునల్లా రుద్దే దరిద్రపు అలవాటు ఒకటి మా వర్క్‌షాపుల్లో ఉంది. నా సొంత బెంచ్ వైసు మీద కూడా అలా రుద్దితే ఒకణ్ని షెడ్డులోంచి గెంటేశాను. ఇంత మంచి పనివాడు తన మిషన్ను ఇలా ఎట్లా రుద్దనిచ్చాడని ఆయన్ను మనసులో తిట్టుకున్నాను కూడా.

ఆ గాట్ల పక్కన అక్కడక్కడా ఎర్రటి చుక్కలున్నాయి. కందిగింజంత ఒక్కోటి. స్విచ్చు దగ్గర, లివర్ల దగ్గర, మోటారు పుల్లీ కవరు మీద. ఇంకేముంది, మైనం! పెద్దాయన వాళ్లు తాతల కాలం నుంచీ చర్చికి పోయేవాళ్లని నాకు ముందే తెలుసు. కొడుకు ఫోన్లో ఉంటే గొప్పగా చెప్పాను. "మీ ఇంట్లో క్రిస్మస్‌కు ఎర్ర కొవ్వొత్తులు వెలిగిస్తారు కదప్పా?" అన్నాను. "అవునన్నా, నీకెట్ల తెలిసింది?" అని ఆశ్చర్యపోయాడు. నేను నవ్వాను.

ఆ చుక్కలు కిరసనాయిలుకు కరగలేదు. కత్తితో గీకితే గాజులా పెళుసుగా ఊడివచ్చాయి. ఒక ముక్కను మంట మీద పెడితే మైనం వాసన రాలేదు, ఇంకేదో ఘాటైన వాసన. రంగు కొవ్వొత్తి కదా, రంగు వాసనేమో అనుకున్నాను. పాతబడి గట్టిపడిందేమో అనుకున్నాను. నాకు తెలిసినదానికి సరిపోనిదేదైనా ఎదురైతే ఏదో ఒక కారణం చెప్పుకుని దాన్ని పక్కకు తోసేయడం నాకు అప్పటికి బాగా అలవాటైంది.

మూడు వారాలు మనసు పెట్టి చేశాను. బెడ్ అంచు గాట్లన్నీ పుట్టీతో పూడ్చి, ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. డయల్ విప్పి, మా షెడ్డులోని లేత్‌కు బిగించి, గాట్లు పోయేదాకా పైపొర తీశాను. ఆ తర్వాత సన్న గీతలు, అంకెలు కొత్తగా కోయించి, వాటిలో నల్లరంగు నింపాను. హ్యాండిల్ చక్రాలకు అద్దంలా మెరుగు పెట్టాను. కాలి దగ్గర మురికిలో ఉన్న నంబరు ప్లేటును ఊడదీసి, తోమి, అందరికీ కనపడేలా పైన గేర్ల పెట్టె మీద బిగించాను. పాత రంధ్రాలు పూడ్చేశాను. చివరికి బూడిద రంగు రెండు పూతలు. ఇంత బాగా ఇంతకుముందు ఏ మిషనూ చేయలేదు. ఫోటోలు తీసి నాకు తెలిసిన ప్రతివాడికీ పంపాను.

పెద్దాయన ఇంటికొచ్చే రోజుకు మిషన్ను ఆయన షాపులో, పాత చోటే, నాలుగు కాళ్లూ పాత గుర్తుల మీదే నిలబెట్టాను. కొడుకు మామిడాకుల బదులు రంగు కాగితాలు కట్టాడు. పక్కనున్న పంక్చర్ షాపువాళ్లూ, టీ తాగుతున్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్లూ వచ్చి నిలబడ్డారు. ఆటో వచ్చింది. పెద్దాయన సన్నగా, పొడుగ్గా, తెల్ల లుంగీలో ఉన్నాడు. భార్య మోచేయి పట్టుకుని దించింది. ఆపరేషన్ అయిన మనిషి కదా, అనుకున్నాం అందరం.

ముందు ఆమె చూసింది, ఉన్నచోటే ఆగిపోయింది. సంతోషం పట్టలేకనే అనుకున్నాను. నా ముఖం వెలిగిపోతూనే ఉంది.

ఆయన నేరుగా నడిచి వచ్చాడు. ఎక్కడా తడుముకోలేదు. మిషను ముందు నిలబడి, ఇనుమును పట్టి తిప్పే చక్ మీద చెయ్యి వేశాడు, తర్వాత హ్యాండిల్ మీద. వేళ్లు చక్రం అంచు చుట్టూ ఒక్క చుట్టు తిరిగాయి, ఆగాయి, మళ్లీ వెనక్కి తిరిగాయి. డయల్ మీదికి పోయాయి. అక్కడా అంతే. బెడ్ అంచు కింద చెయ్యి పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రాశాడు.

"ఇది నా మిషను కాదు," అన్నాడు. "నాది యాడ పెట్టినారు?"

కొడుకు నవ్వాడు. "నీదే నాయనా. కొత్తగా చేయించినా. ఈ అన్న మూడు వారాలు కష్టపడినాడు."

"కాదు లేరా. నాది నాకు తెల్దా? ఎవురిదో తెచ్చి పెట్టినారు."

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత మిషన్ల వ్యాపారంలో ఇంతకన్నా పెద్ద నింద లేదు. మంచి మిషను రిపేరుకు తీసుకుని, దాన్ని దాచుకుని, పనికిరానిదానికి రంగు పూసి తిరిగి ఇచ్చాడని ఒక్కసారి మాట పడితే ఆ వ్యాపారి ముఖం ఇంకెవరూ చూడరు. అట్లా చేసేవాళ్లు ఉన్నారు కూడా. నాకు చెవుల దాకా వేడెక్కింది.

"మిషను మార్చేసినాననా పెద్దాయనా, నీ ఉద్దేశం? నంబరు ప్లేటు ఉండాది గదా. సదువు. నీ మిషను నంబరు నీకు తెలియకుండా పోతాదా? అందరికీ ఇనపడేట్ల సదువు!"

కోపంలో ఆయన మణికట్టు పట్టుకుని లాగాను కూడా. ఆపరేషన్ అయిన మనిషని కూడా చూడలేదు. ఆయన భార్య "నాయనా, వద్దు నాయనా" అంటూ ముందుకు వచ్చింది. నేను వినిపించుకోలేదు.

ఆయన మెల్లగా వంగి, ఎడమవైపు కాలి దగ్గర ముఖం పెట్టి, గట్టిగా, ఒక్కొక్క అంకే విడివిడిగా నంబరు చదివాడు. ఒక్క అంకె తప్పు పోలేదు.

అక్కడ ప్లేటు లేదు.

ఆయన ముఖానికి జానెడు దూరంలో నేను కొట్టిన బూడిద రంగు తప్ప ఇంకేమీ లేదు. ప్లేటు పైన, ఆయన తలకు పైన, గేర్ల పెట్టె మీద తళతళలాడుతోంది. అక్కడున్న అందరమూ ప్లేటునూ చూశాం, వంగి ఉన్న ఆయన్నూ చూశాం. నా చేతిలో ఇంకా ఆయన మణికట్టు ఉంది. దాన్ని వదలాలని కూడా తోచలేదు నాకు.

ఆ క్షణాన నోరు మూసుకుని ఉంటే? "సరిగ్గా చదివినావు పెద్దాయనా" అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే? డ్రైవర్లు ఏదో అనుకుని పోయేవాళ్లేమో. ఇప్పటికీ ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది. కానీ నా నోరు నా మాట ఎప్పుడు వింది?

"ప్లేటు ఆడ లేదు పెద్దాయనా, పైకి మార్చినా," అన్నాను. "నీకు కండ్లు కనపడవా?"

"అట్ల అడగొద్దు నాయనా," అంది ఆమె. అరవలేదు. మెల్లగానే అంది.

కొడుకు వచ్చి తండ్రి ముఖం ముందు అరచెయ్యి ఆడించాడు. ఆయన రెప్ప వేయలేదు. కొడుకు ఇంకోసారి ఆడించాడు. మూడోసారి ఆడించబోతుంటే తల్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. డ్రైవర్లు టీ గ్లాసులు అక్కడే పెట్టి, చెప్పకుండా వెళ్లిపోయారు.

తర్వాత ఆమె చెప్పింది. ఆయన అక్కడే మిషనుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఆమె మాత్రం నాకూ కొడుక్కూ చెప్పింది. నీటికాసులట, అదే గ్లాకోమా. మొదట పక్కల చూపు పోయింది, తర్వాత ఎదురు చూపు. అదీ పోయి ఆరేళ్లు దాటింది. పోయిన చూపు ఇంక రాదని డాక్టరు చెప్పేశాడు. చూపు కాస్తో కూస్తో ఉన్నప్పుడే ఆయన ఒక్కొక్క గాటే పెట్టుకుంటూ వచ్చాడు. డయల్ మీద సున్నాకు ఒక గాటు, పదికి రెండు, యాభైకి మూడు. బెడ్ అంచు మీద అంగుళానికి ఒకటి. గాటు పెట్టడానికి వీలు లేనిచోట చుక్క.

"మైనం కాదు నాయనా, అది లక్క," అంది. "ప్రొద్దుటూరులో బంగారు పనోళ్ల తావ నేనే తెచ్చి, కరిగించి పెట్టినా. ఒక చుక్కుంటే నిదానం, రెండుంటే జోరు. కొలత మాత్రం వేలికి అందదు గదా. అందుకని ఈయప్ప పక్కన కుర్చోని వెర్నియర్ నేను సదివి చెప్తా. నేను ఐదు దాకా సదువుకున్యా. వెర్నియర్ మాత్రం ఈ ఎర్రగుంట్లలో నా మాదిరి సదివేటోళ్లు లేరు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఒక గర్వం ఉంది. డ్రైవర్లు పొగిడిన ఆ బుష్షులు, ఆ పిన్నులు, వెంట్రుకవాసి తేడా రాని ఆ పని అంతా ఈ ఇద్దరూ కలిసి చేసింది. ఆయన వేళ్లు, ఆమె కళ్లు. దాన్నంతా నేను మూడు వారాలు కూర్చుని కత్తితో గీకి, ఉప్పు కాగితంతో రుద్ది తుడిచేశాను. బంగారు పనికి పేరుబడిన ప్రొద్దుటూరు పక్కన పుట్టి పెరిగి లక్కకూ మైనానికీ తేడా తెలియలేదు. మతం చెప్పేవాణ్నట, మతం! అక్కడే ఒక ఇటుక ఉంటే తల కొట్టుకునేవాణ్ని.

కొడుక్కి ఇంకో రకం దెబ్బ తగిలింది. అతను తండ్రి ఎదుట చతికిలబడ్డాడు. వారానికోసారి ఆదివారం చర్చి తర్వాత వచ్చి, తిని, మాట్లాడి పోయే కొడుకు. ఇల్లూ షాపూ అడుగుల లెక్కతో తిరిగే తండ్రికి చూపు "కొంచెం మందం" అనే అనుకుంటూ ఉన్నాడు.

"ఇన్నేండ్లు చూపు లేకుండా తిరిగే చక్ పక్కన నిలబడినావా? లుంగీ కట్టుకోని? చెయ్యి పోయింటే?"

"పోలేదు గదరా."

"పొయ్యేదాకా చేస్తావా?"

"చూపున్నోళ్ల వేళ్లే తెగినాయిరా ఈ ఊర్లో," అన్నాడు పెద్దాయన. రెండు చేతులూ ముందుకు చాపాడు. "నావి ఎంచుకో. పదీ ఉండాయి."

కొడుకు ఆ చేతులు పట్టుకుని ఏడ్చాడు. కానీ ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మోటారు ఇంక నడవకుండా స్టార్టర్ పెట్టె ఊడదీయించాడు. నేను అడ్డుపడబోయాను. "నువ్వైతే మీ నాయన్ను ఆడ నిలబెడతావా అన్నా?" అని అడిగాడు. మా నాయనకు నేను చేసే పని పేరు చెప్పడమే నామోషీ. అలాంటి నాయన్ను కూడా నేను నిలబెట్టను. బయటికి వచ్చేశాను.

వారం తిరిగేసరికి ప్రొద్దుటూరు పోయి, బంగారు పనివాళ్ల దగ్గర లక్క కొని, రెండు కొత్త ఆకురాళ్లు సంచిలో వేసుకుని ఎర్రగుంట్ల పోయాను. పెద్దాయన షాపులో మిషను పక్కనే కుర్చీ వేసుకుని ఉన్నాడు. గోడ మీద స్టార్టర్ ఉన్న చోట టేపు చుట్టిన వైర్లు వేలాడుతున్నాయి.

"తప్పు చేసినా పెద్దాయనా," అన్నాను. "గాట్లు యాడేడ ఉండేవో చెప్పు. అన్నీ మళ్లీ కోసి ఇస్తా. కొడుకును నేను ఒప్పిస్తా."

ఆయన కోప్పడతాడని వచ్చాను. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆయన నా చెయ్యి పట్టుకుని డయల్ మీద పెట్టాడు. "ఈడ సున్నా. ఈడ పది. ఈడ నాది చెయ్యి జారి కొంచెం వంకర వచ్చింది, అది కూడా మంచిదే, ఇరవై అని గుర్తుండేది." ఒక్కటి కూడా మరిచిపోలేదు. బెడ్ దాకా, లివర్ల దాకా అన్నీ చూపించాడు. నేను గబగబా సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. ప్రాణం లేచొచ్చింది నాకు. ఆకురాయి బయటికి తీశాను.

అప్పుడే ఒక డ్రైవరు వాకిట్లోకి వచ్చాడు. చేతిలో అరిగిపోయిన స్ప్రింగు పిన్ను ఉంది. ఆ రోజు టీ గ్లాసు పట్టుకుని చూసినవాళ్లలో అతనొకడు. అలవాటుగా కాళ్లు ఇటు వచ్చినట్టున్నాయి, గుమ్మం దగ్గర ఆగిపోయాడు. పెద్దాయన్ను చూసి ఆ పిన్ను వీపు వెనక దాచుకున్నాడు. గుడ్డివాడి ముందు దాచాల్సిన పని లేదని అతనికి తోచలేదు.

"ఎవురప్పా?" అన్నాడు పెద్దాయన.

"నేనే పెద్దాయనా. ఏం లేదు. ఊరికే, ఒంట్లో ఎట్లుండాదో అడిగి పోదామని."

"బాగుండాలే. పిన్ను ఏ బండిది?"

డ్రైవరు ముఖం పాలిపోయింది. పిన్ను తలుపు చట్రానికి తగిలినప్పుడు వచ్చిన చిన్న చప్పుడు నేను కూడా విన్నాను, కానీ అది పిన్నని నాకు చూస్తేనే తెలిసింది.

"అది... వేరే తావ ఇచ్చినాలే పెద్దాయనా. రేపు వస్తా," అని గొణిగి వెళ్లిపోయాడు. ఆరేళ్లుగా ఆయన చేసిన పిన్నులే ఆ బండిని మోస్తున్నాయి. ఆరేళ్లుగా అవి చూపు లేని మనిషి చేసినవే. ఆ ముక్క ఆ డ్రైవరుకు చెప్పాలని పరిగెత్తబోయాను.

"ఉండు నాయనా," అన్నాడు పెద్దాయన. "ఆకురాయి సంచిలో పెట్టుకో. గాట్లు పెట్టేది ఎంతసేపు? ఒక పూట పని. తెలిసిపోయినోళ్లను తెలియనోళ్లను చేసేది ఎట్ల?"

నేను మిషను మీద గీసిన సుద్ద గుర్తులన్నీ ఆయన అరచేత్తో తడుముకుంటూ తుడిచేశాడు. కొన్ని మిగిలిపోయాయి. అవి నేను తుడిచాను.

రెండు నెలల తర్వాత మిషను అమ్మిపెట్టమని కొడుకు నన్నే అడిగాడు. కాదనే ముఖం నాకు లేదు. ఇంటి కన్నా షాపు పెద్దదిగా బతికిన మనిషి, రోజూ వచ్చి ఆడని మిషను పక్కన కూర్చుంటున్నాడనీ, అది కళ్ల ముందు నుంచి పోతే మేలనీ అతను అనుకున్నాడు. "కళ్ల ముందు నుంచి" అని, తనే ఆ మాటకు ఉలిక్కిపడి ఫోన్ పెట్టేశాడు.

రాయచోటి నుంచి ఒక కుర్ర వర్క్‌షాపు యజమాని వచ్చాడు. మంచివాడే, పని తెలిసినవాడు. హ్యాండిల్ చక్రం తిప్పి చూశాడు, డయల్ చుట్టూ బొటనవేలు పోనిచ్చాడు.

"ఏం చేసినావన్నా! ఒక్క గాటు కూడా లేదు. చెయ్యి పెడితే జారిపోతాంది," అని నా భుజం తట్టాడు. జీవితంలో నా పనికి దొరికిన మెప్పుల్లో నేను వినలేకపోయింది అదొక్కటే. పెద్దాయన రెండడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య లోపలి గుమ్మంలో నిలబడి ఉంది.

కుర్రవాడు ఆయన వైపు తిరిగాడు. అతనికి ఈ కథ ఏదీ తెలియదు. నేను చెప్పలేదు. కొడుకు కూడా చెప్పొద్దన్నాడు.

"పెద్దాయనా, ఇంత మంచి మిషను యాల అమ్ముతాండారు?" అని అడిగాడు.

నేను ఏదో ఒక అబద్ధం అందుకోబోయాను. వయసైందనో, ఆపరేషన్ అనో. అబద్ధం ఆడాల్సిన రోజు ఆడని నోరు ఆ రోజు సిద్ధంగా ఉంది. కానీ ఆయనే ముందు మాట్లాడాడు.

"నాకు కండ్లు కనపడవు నాయనా," అన్నాడు.

మామూలుగా అన్నాడు, వానలు లేవు అన్నట్టుగా. కుర్రవాడు "అయ్యో" అని ఊరుకుని, తాళ్లు తేవడానికి బండి దగ్గరికి పోయాడు.

నేను గుమ్మం వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. దగ్గరికి పరిగెత్తాను. ఏమైందమ్మా అన్నాను.

"ఆ మాట నాతో కూడా ఒక్కనాడు అనలేదు నాయనా," అంది. "వెర్నియర్ ఇట్ల తే, సదువు అని కూడా అనలేదు. చేతికి ఇచ్చినాడు, నేను సదివినా. అంతే. డాక్టరు చెప్పినాక కూడా మేమిద్దరం ఆ మాట ఎత్తుకోలే. ఎవురో ముక్కూమొగం తెలియని పిల్లోనికి చెప్పినాడు చూడు."

బయట కుర్రవాడు మిషన్ను జాగ్రత్తగా ఎత్తండి, రంగు పోతుంది అని కూలీలకు చెబుతున్నాడు.